చూపును నిలిపే సూదిమందు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఉదయం. వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక వృద్ధుడు వరండాలో కూర్చొని ఎదుటి ద్వారబంధాన్ని రెప్పవేయకుండా చూస్తున్నాడు. నిలువుగా ఉండవలసిన కొయ్య నడుమభాగంలో వంగినట్లు ఆయనకు కనబడుతున్నది. లేచి వెళ్లి చేతితో తడిమి చూశాడు. కొయ్య తిన్నగానే ఉన్నది. ఇనుప పట్టీ అంచున కన్ను ఆనించి వెంట్రుకవాసి వంకరను కూడా పసిగట్టిన మనిషి ఆయన.

"దర్వాజా వంగిపోనాదే!" అన్నాడు లోపలికి వినబడేట్లు.

"వయసు మీద పడినాక చూపు మునపట్లా ఉంటాదేటి?" అన్నది వంటింటిలో నుండి భార్య.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఏ ఊరిలోనైనా, ఏ ఇంటిలోనైనా జరుగగల సంగతి. ఆ ఇల్లాలు అన్న మాటనే పూర్వం వైద్యులు కూడా ఇంచుమించుగా అనేవారు. ఈ వ్యాధికి అంతకుమించి చేయగలిగినది అప్పట్లో చాలా కొద్ది. 2006వ సంవత్సరం నుండి ఆ పరిస్థితి మారింది. అయితే ఆ మార్పు ఫలితం సకాలంలో వైద్యుని వద్దకు చేరినవారికే దక్కుతుంది.

కంటిపరీక్ష ఎరిగిన ఊరు

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైలుమార్గంతో పుట్టి పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడ స్టేషనూ, వర్క్‌షాపూ వెలసినవి. 1,072 మీటర్లకు పైగా పొడవుగల ఈ స్టేషను ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్ ఆ స్థానాన్ని అందుకున్నది. రైలుపట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పనికోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి. వి. గిరి 1920లలో ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపినవారే. నేటికీ మథురాకాటీ, నింపురా వంటి పేటలలో, గోల్‌బజారు దుకాణాలలో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది.

రైల్వే ఇళ్లలో కంటిపరీక్ష కొత్త సంగతి కాదు. ఇంజను నడిపేవారికి, సిగ్నళ్లు చూసేవారికి నిర్ణీతకాలానికి ఒకసారి చూపు పరీక్షిస్తారు. గోడకు తగిలించిన అక్షరాల పట్టికను ఒక్కొక్క కంటితో చదవాలి; రంగులు గుర్తించాలి. తప్పితే ఆ పనిలో కొనసాగడానికి వీలులేదు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ పరీక్షకు పిలుపు దానంతట అదే వస్తుంది. పదవీవిరమణతో ఆ పిలుపు ఆగిపోతుంది. సరిగ్గా ఆ వయస్సులోనే కంటికి ఈ కొత్త శత్రువు బయలుదేరుతుంది.

పసుపు చుక్కకు వచ్చే చేటు

కంటి వెనుకగోడకు లోపలివైపున రెటినా అనే పలుచని పొర ఉంటుంది. దాని మధ్యభాగంలో కొద్ది మిల్లీమీటర్ల మేర ఉన్న పసుపు చుక్కను మాక్యులా అంటారు. అక్షరం చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషి ముఖాన్ని గుర్తించడం దీని పనులే. వయస్సు మీరినకొద్దీ కొందరిలో ఈ భాగం క్షీణిస్తుంది.

ఈ క్షీణత రెండు విధాలు. పొడి రకంలో కణాలు నెమ్మదిగా, ఏళ్ల తరబడి నశిస్తాయి. తడి రకం వేరు. అందులో రెటినా అడుగున కొత్త రక్తనాళాలు పిచ్చిమొక్కల వలె మొలిచి, వాటి బలహీనమైన గోడలలో నుండి నీరు, రక్తం కారుతాయి. పసుపు చుక్క ఉబ్బుతుంది. తిన్నని గీతలు వంకరగా కనబడతాయి. చికిత్స లేకపోతే కొద్ది నెలలలోనే అక్కడ మచ్చ కట్టి చూపు నడుమ నల్లని మరక నిలిచిపోతుంది. రోగులలో తడి రకంవారు సుమారు పదోవంతు మాత్రమే. అయినా సూదిమందు రాక పూర్వం ఈ వ్యాధివల్ల తీవ్రంగా చూపు కోల్పోయినవారిలో అత్యధికులు వీరే.

దీనిని కంటిలో శుక్లంగా పొరబడేవారు అనేకులు. శుక్లం కంటి కటకానికి పట్టే మసక, శస్త్రచికిత్సతో తొలగిపోతుంది. ఇక్కడ చెడేది చూపును గ్రహించే పొరయే గనుక కళ్లజోడు మార్చినా ప్రయోజనం ఉండదు.

మొదట్లో వైద్యులు ఆ నాళాలను లేజరు కిరణంతో కాల్చి చూశారు. నాళంతోపాటు రెటినా కూడా కాలి మచ్చ పడేది. 2000 ప్రాంతంలో వెర్టిపోర్ఫిన్ అనే మందును చేతి నరంలోకి ఎక్కించి, మంద్రమైన లేజరుతో ఆ నాళాలను మూసివేసే పద్ధతి వచ్చింది. దానితో చూపు పోయే వేగం తగ్గేది గాని, పోయిన చూపు తిరిగివచ్చేది అరుదు.

క్యాన్సరు నుండి కంటికి

పరిష్కారానికి దారి క్యాన్సరు పరిశోధనలో దొరికింది. కణితి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలనీ, ఆ నాళాలను అడ్డగిస్తే కణితి ఎండిపోతుందనీ అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించాడు. చాలాకాలం ఆ మాటను నమ్మినవారు తక్కువ. 1989లో నెపోలియోనె ఫెరారా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు జెనెన్‌టెక్ సంస్థలో రక్తనాళాలను మొలిపించే ఒక ప్రోటీనును వేరుచేసి, దాని జన్యువును గుర్తించారు. వి.ఇ.జి.ఎఫ్. అని దానికి పేరు. తడి రకం వ్యాధిలో రెటినా అడుగున పిచ్చినాళాలను పెంచేది కూడా ప్రధానంగా ఇదేనని తరువాత తేలింది.

ఈ ప్రోటీనును పట్టి బంధించే బెవసిజుమాబ్ అనే మందును పెద్దప్రేగు క్యాన్సరుకు వాడడానికి 2004లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. కంటికోసం అదే సంస్థ రానిబిజుమాబ్ అనే చిన్న అణువును రూపొందించింది. దానిని నేరుగా కంటిలోనికే ఎక్కించాలి. ముదుసలి కంటిలో నెలనెలా సూది గుచ్చడం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? పరీక్షించి చూడనిదే ఎవరూ చెప్పలేని ప్రశ్న అది.

716 మంది పరీక్ష

2003లో అమెరికాలోని 96 కేంద్రాలలో మెరీనా అనే పరీక్ష మొదలైంది. తడి రకం వ్యాధిగల 716 మందిని చీటీలు తీసిన రీతిగా మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నెలకొకసారి 0.3 మిల్లీగ్రాముల మందు. మరొక జట్టుకు 0.5 మిల్లీగ్రాములు. మూడవ జట్టులోని 238 మందికి ఉత్తుత్తి సూది. అనగా కంటికి మత్తుచుక్కలు వేసి, సూది లేని సిరంజిని కంటిగుడ్డుకు ఆనించి నొక్కేవారు. ఎవరికి మందు అందుతున్నదో రోగికీ తెలియదు, చూపును కొలిచే వైద్యునికీ తెలియదు.

ఇందులో ఒక ధర్మసంకటం ఉన్నది. చూపు పోతున్న మనిషికి ఉత్తుత్తి సూది ఇవ్వడం న్యాయమా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆనాటికి ఈ మందు చూపును కాపాడుతుందో, కంటినే చెడగొడుతుందో తెలియదు. పోల్చి చూడడానికి మందు లేని జట్టు లేకపోతే ఫలితం మందుదో, కాలమహిమదో తేల్చడం అసాధ్యం. ఆ 238 మంది తెలిసి ఒప్పుకున్న అనిశ్చితి మీదనే నేటి చికిత్స నిలబడి ఉన్నది.

కొలమానం ఖరగ్‌పూర్ రైల్వేవారికి పరిచయమైనదే: గోడమీది అక్షరాల పట్టిక. వరుసకు ఐదేసి అక్షరాలు. సంవత్సరం గడిచేసరికి 0.5 మిల్లీగ్రాముల మందు పొందినవారు మునుపటికంటె సగటున 7 అక్షరాలు అధికంగా చదివారు. ఉత్తుత్తి సూదివారు సగటున 10 అక్షరాలు కోల్పోయారు. మందు పొందిన జట్టులో నూటికి 34 మందికి మూడు వరుసలు లేక అంతకుమించి చూపు పెరిగింది. రెండవవైపున అట్టివారు నూటికి 5గురే. చూపు తగ్గే వేగాన్ని మందగింపజేయడమే గొప్పగా భావించిన వైద్యలోకానికి, తగ్గిన చూపు మళ్లీ పెరగడం అపూర్వం. 2006 జూన్‌లో మందుకు అనుమతి లభించింది. పరీక్ష రెండవ ఏడాది ముగింపుకు వచ్చినప్పుడు ఉత్తుత్తి సూది జట్టువారికి కూడా అసలు మందు ఇవ్వజూపారు.

ధర తెచ్చిన మరో పరీక్ష

మందు గెలిచింది, ధర భయపెట్టింది. అప్పట్లో అమెరికాలో ఒక్క మోతాదు రానిబిజుమాబ్ ధర సుమారు 2,000 డాలర్లు ఉండేది. ఇంతలో 2005లో మయామీ నగర నేత్రవైద్యుడు ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ క్యాన్సరు మందైన బెవసిజుమాబ్‌ను స్వల్పమోతాదులో కంటికి వాడి చూశాడు. పెద్ద సీసాను చిన్న మోతాదులుగా పంచితే ఒక్కొక్కటి సుమారు 50 డాలర్లకే వచ్చేది. చవకమందు ఖరీదైనదానికి సాటివస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం అమెరికా ప్రభుత్వ నేత్రసంస్థ ధనసహాయంతో సుమారు 1,200 మంది మీద మరొక పరీక్ష జరిగింది. 2011లో ఫలితం వెలువడింది. నెలనెలా సూది పొందినవారిలో ఒకదానితో సగటున 8.5 అక్షరాలు, మరొకదానితో 8 అక్షరాలు పెరిగినవి. చూపు విషయంలో రెండూ సమానమే.

ఈ ఫలితం మనదేశపు సామాన్యునికి ఎంతో ముఖ్యం. అయితే సీసాను పంచేటప్పుడు పరిశుభ్రత లోపిస్తే కంటికే ముప్పు. అందువల్ల ఈ పనిని నమ్మకమైన ఆసుపత్రులలోనే చేయించుకోవాలి. 2015లో అహమ్మదాబాదుకు చెందిన ఇంటాస్ సంస్థ రానిబిజుమాబ్‌కు సాటియైన దేశీయ మందును మార్కెట్టులోకి తెచ్చింది. అఫ్లిబర్‌సెప్ట్, ఫారిసిమాబ్ వంటి తరువాతి మందులతో సూదికీ సూదికీ మధ్య ఎడమును కొందరిలో పెంచడానికి వీలు కలిగింది.

కంటిలో సూది అనగానే గుండె ఝల్లుమనడం సహజం. నిజానికి ఆ పని కొన్ని క్షణాలదే. మత్తుచుక్కలు వేసి, క్రిమినాశక ద్రవంతో కంటిని శుభ్రపరచి, నల్లగుడ్డు అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డు గుండా సన్నని సూదితో మందును ఎక్కిస్తారు. మందు పరిమాణం మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. ప్రధానమైన అపాయం కంటి లోపల చీము పట్టడం. మెరీనా పరీక్షలో రెండేళ్లపాటు నెలనెలా సూది పొందినవారిలో నూటికి ఒకరికి ఇది వచ్చినట్లు గుర్తించారు. సూది తరువాత కన్ను ఎర్రబడి నొప్పిపెడుతూ చూపు తగ్గితే ఆ రోజే వైద్యుని చేరుకోవాలి.

ఒక్క సూదితో తీరేది కాదు

ఈ మందు వ్యాధిని నిర్మూలించదు, అణచి ఉంచుతుంది. ప్రభావం తగ్గగానే నాళాలు మళ్లీ కారవచ్చు. మొదటి పరీక్షలలో పాల్గొన్నవారిలో 65 మందిని సుమారు ఏడేళ్ల తరువాత తిరిగి పరీక్షించగా, సగటున వారి చూపు చికిత్సకు ముందున్న స్థాయికంటె 8.6 అక్షరాలు తగ్గి ఉన్నది. నెలనెలా సూది పొందిన కాలంలో దక్కిన లాభం తరువాత కరిగిపోయింది. 2013లో ప్రకటితమైన ఈ ఫలితాన్ని చికిత్స మొదలుపెట్టే ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

ఇక్కడే వృద్ధుని అసలు కష్టం మొదలవుతుంది. ఖరగ్‌పూర్ నుండి హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు. మసకచూపుతో ఒంటరిగా ప్రయాణం చేయలేడు. కొడుకో కూతురో పని మానుకొని తోడు రావాలి. మూడు సూదులు అయ్యేసరికి చూపు కొంత కుదుటపడితే "ఇక చాలులే" అనిపిస్తుంది. ఆ మాటతోనే దక్కిన చూపు చేజారుతుంది. కలకత్తా వైద్యకళాశాలలో ప్రాంతీయ నేత్రవైద్య సంస్థ ఉన్నది. దక్షిణంగా సాగే రైలుమార్గంలో భువనేశ్వరంలోనూ, విశాఖపట్నంలోనూ ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ శాఖలు ఉన్నవి. ఎక్కడ చూపించుకున్నా, ఒకేచోట క్రమంగా చూపించుకోవడం ముఖ్యం.

ఆ సంస్థ 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 10,000 మందికి పైగా కళ్లను పరీక్షించింది. నలభై దాటినవారిలో నూటికి దాదాపు ఇద్దరికి మాక్యులా క్షీణత ఉన్నట్లు తేలింది. అరవై దాటినవారిలో ఇది అధికం. మరొక సంగతి తెలుగువారు ప్రత్యేకించి వినదగినది: చుట్టలు విస్తారంగా కాల్చేవారిలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడింది. ఉత్తరాంధ్ర నుండి తాతలతోపాటు ఖరగ్‌పూర్ చేరిన అలవాట్లలో చుట్ట కూడా ఒకటి. వయస్సును ఎవరూ ఆపలేరు, చుట్టను ఆర్పవచ్చు.

ఇంటిలో చేసుకునే పరీక్ష

వేలమంది మీద జరిగిన పరీక్షలు మందు విలువను నిరూపించినవి. మిగిలిన పరీక్ష ఎవరికి వారు చేసుకోవలసినది. గళ్ల కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి గోడకు అంటించాలి. చదివే కళ్లజోడు ఉంటే పెట్టుకొని, ఒక కన్ను పూర్తిగా మూసి, రెండవ కంటితో ఆ చుక్కను చూడాలి. తరువాత రెండవ కన్ను మూసి చూడాలి. గీతలు వంగినా, గళ్లు చెరిగినా, నడుమ మరక తోచినా ఆలస్యం చేయరాదు. రెండు కళ్లూ తెరచి చూస్తే మంచి కన్ను చెడ్డకంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకే ఒక్కొక్క కన్నును వేరుగా చూడాలి. వారానికి ఒకసారి రెండు నిమిషాలు చాలు. ఈ చికిత్స పొడి రకానికి పనికిరాదు. ఏ రకమో నిర్ణయించవలసినది రెటినా వైద్యుడే.

వరండాలోని ఆ ఫిట్టరు మళ్లీ కూర్చొని, కుడి అరచేతితో కుడికన్ను మూసుకున్నాడు. ద్వారబంధం తిన్నగా ఉన్నది. చేయి మార్చి ఎడమకన్ను మూశాడు. కొయ్య వంగింది. కొయ్యలో లోపం లేదనీ, లోపం కుడికంటిదనీ ఆయనకు తేలిపోయింది. పనిలో ఉన్నప్పుడు వంకర కనబడితే మరునాటికి వాయిదా వేసే అలవాటు ఆయనకు లేదు. కొడుకును పిలిచి, హౌరా బండి ఎన్నింటికో చూడమన్నాడు.