సంక్రాంతి విందు మన పొలం నుంచే: జూన్‌లో విత్తనం, జనవరిలో విస్తరి



పై వీడియోలో మా ఇంట్లో భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల వంటలు చూపించాం. వీడియోలో చెప్పడానికి టైం చాలని లెక్కలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపికగా చదవండి.

ముందు ఒక మాట. ప్రకృతి వ్యవసాయం చేసే ఇళ్లలో కూడా పండగ సరుకుల చీటీ ఒకసారి తీసి చూడండి. తెల్ల బెల్లం, నూనె ప్యాకెట్లు, పాలిష్ బియ్యం, బ్రాయిలర్ కోడి. ధాన్యం కళ్లంలోనే పోతుంది, వేరుశనగ కాయ మీదే పోతుంది. ఎక్కడో సిటీలో కస్టమర్ మన పంట తింటుంటే, పండక్కి ఇంటికొచ్చిన ఆడపడుచు పిల్లలు కొట్టు సరుకు తింటున్నారు. "మందులు లేకుండా పండిస్తున్నారట కదా, మరి మీరు తినరా?" అని బావగారు అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు మాటల్లో కాదు, విస్తరిలో ఉండాలి.

పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

సంక్రాంతి జనవరి 14 లేదా 15న వస్తుంది. తేదీ ముందే తెలుసు కాబట్టి విత్తనం కూడా దాన్ని బట్టే వేసుకోవచ్చు.

- నువ్వులు: వేసవి పంటవి ఏప్రిల్, మే నెలల్లో ఇంటికొస్తాయి. బాగా ఎండబెట్టి పండక్కి పక్కన పెట్టాలి.
- కంది: జూన్, జులైలో పొలం గట్ల మీద. పండగ నాటికి పచ్చి కందికాయలు ఉంటాయి.
- మినుము: తొలకరిలో వేస్తే 70, 80 రోజుల్లో వస్తుంది. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారెలకి అదే.
- వేరుశనగ: ఖరీఫ్ పంట ఎండాక, డిసెంబరులో గానుగకి.
- గుమ్మడి: జులై, ఆగస్టులో పాదు పెడితే ముదురు కాయ చేతికొస్తుంది. తొడిమతో కోసి గాలి తగిలేచోట పెడితే రెండు మూడు నెలలు నిలుస్తుంది.
- చిక్కుడు: ఆగస్టులో గింజ పెడితే పండగకి పందిరి నిండా కాయలే.
- కొత్తిమీర, ముల్లంగి, పాలకూర: నవంబరు చివర, డిసెంబరు మొదట్లో. 30 నుంచి 45 రోజులు చాలు.

ఉప్పు, చింతపండు, మిరియాల్లాంటివి కొనుక్కుందాం. అన్నీ మనమే పండించాలనే పంతం అక్కర్లేదు. బెల్లం మన దగ్గర లేకపోతే, చెరకు పండించే తోటి ప్రకృతి రైతు దగ్గర తీసుకుని, బదులుగా బియ్యమో పప్పో ఇవ్వొచ్చు.

ఎంత దాచాలి?

ఇరవై మంది, మూడు రోజులు, రోజుకి రెండు పూటల భోజనం. మనిషికి పూటకి 150 గ్రాముల బియ్యం వేసుకుంటే 18 కిలోలు. పిండివంటలకి, పొంగలికి ఇంకో 8 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తా ఒకటి ఆడిస్తే 45 నుంచి 50 కిలోల బియ్యం వస్తాయి. అంటే ఒక్క బస్తా పక్కన పెడితే పండగ గడిచి, వెళ్లేటప్పుడు తలా కొంచెం ఇవ్వడానికీ మిగులుతుంది.

నూనె 8 లీటర్లు అనుకుందాం. గానుగలో లీటరుకి రెండున్నర కిలోల పప్పు పడుతుంది. అంటే 20 కిలోల పప్పు, కాయల్లో చూస్తే 30 కిలోల లోపే. వ్యాపారి కాటా పెట్టకముందే ఈ వాటా పక్కన పెట్టేయాలి. తర్వాత చూద్దాంలే అంటే మిగిలేది తాలూ తప్పా మాత్రమే.

వంటలో తేడాలు

మన సరుకు కొట్టు సరుకులా ప్రవర్తించదు. ఇది తెలియకే చాలా ఇళ్లలో "ఇవి పండగ వంటకి పనికిరావు" అని పక్కన పెడతారు.

బియ్యం: కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పట్టాలి, లేకపోతే ముద్దవుతుంది. పొంగలికి ఆ మెత్తదనమే అందం. పులిహోరకి మాత్రం పాత బియ్యమే వాడండి, పలుకు విడిగా ఉంటుంది. చిట్టిముత్యాలు ఉంటే చక్ర పొంగలి వాసన వీధి దాకా వెళ్తుంది. పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి ముడి బియ్యం ఒక్కసారిగా పెట్టకండి. సింగిల్ పాలిష్ పట్టించి, గంట నానబెట్టి వండితే ఎవరూ వంక పెట్టరు.

అరిసెలు: బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, మూతపెట్టి ఉంచాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. హైడ్రోస్ వేయని బెల్లం ముదురు రంగులో ఉంటుంది, కాబట్టి పాకం రంగు చూసి నిర్ణయించకూడదు. ముందు కరిగించి వడగడితే ఇసుక, చెరకు పీచు పోతాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి, చల్లటి నీళ్లలో చుక్క వేసి చూడండి. మెత్తని ఉండ కట్టగానే దించి పిండి కలపాలి. ఆగితే అరిసె గట్టిపడుతుంది. తెలంగాణలో సకినాలకీ ఇదే తడి పిండి, అందులో వాము, నువ్వులు. ఏ పండగైనా ముందు బియ్యం మంచిదై ఉండాలి.

నూనె: గానుగ నూనె కొత్తలో నురగ కడుతుంది. మూకుడు సగానికి మించి పోయకండి. మా అమ్మ మొదటి వాయికి ముందు చిన్న చింతపండు ఉండ వేసి కాచి తీసేస్తుంది, నురగ తగ్గుతుంది.

గారెలు: పొట్టు మినప్పప్పు నాలుగైదు గంటలు నానితే చాలు. కొత్త పప్పు పిండి బాగా ఒదుగుతుంది, రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది.

నాటుకోడి: బ్రాయిలర్ టైం ప్రకారం దించితే ముక్క నమలలేరు. ముదురు కోడికి గంట పైనే పెట్టుకోండి, సన్న మంట మీద.

పిండివంటలు నాలుగైదు రోజుల ముందే మొదలుపెట్టాలి. ఒక రోజు వాళ్లింట్లో, ఒక రోజు మనింట్లో సాయానికి సాయం చేసుకుంటే ఒక్క మనిషి నడుం విరగదు. పొలంలో శ్రమ ఇద్దరిదీ అయినప్పుడు పొయ్యి దగ్గర శ్రమ కూడా ఇద్దరిదీ కావాలి. పిండి పట్టించి తేవడం, అరిసెలు ఒత్తడం మగవాళ్లకి రాని పనులేం కావు.

బంధువులు, బియ్యం, డబ్బులు

ఇది అందరికీ ఇబ్బంది పెట్టే విషయం. తిన్నాక "బియ్యం బాగున్నాయిరా, ఒక బస్తా కార్లో పడెయ్" అంటారు. ఇంటి పంట కదా, డబ్బులు అడగలేం. అలా నాలుగు కార్లు వెళ్తే ఆ సీజన్ లాభం కూడా వాటితోనే వెళ్తుంది.

మేం పాటించే పద్ధతి ఇది. ప్రతి ఇంటికీ కిలో బియ్యం, అరకిలో పప్పు చిన్న సంచిలో పెట్టి పండగ కానుకగా ఇస్తాం. సంచి మీద వరి రకం పేరు, కోసిన నెల, కిలో ధర రాసి ఉంటాయి. "ఇది మా ప్రేమ. ఇంకా కావాలంటే ఈ ధరకి పంపిస్తాం అత్తయ్యా" అని నవ్వుతూ చెప్పేస్తాం. మొదటి ఏడాది ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు వాళ్లే తమ అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లకి ఆర్డర్ చెప్తున్నారు. తిన్నవాళ్లు, చేను చూసినవాళ్లు, మన జీవామృతం డ్రమ్ము వాసన చూసి ముక్కు మూసుకున్నవాళ్లు... వీళ్లని మించిన సర్టిఫికెట్ ఏముంటుంది?

కనుమ నాడు పశువుల జాగ్రత్త

ప్రేమ కొద్దీ ఆవులకి, ఎద్దులకి గంపెడు అన్నం, పొంగలి పెట్టేస్తుంటారు. ఇది ప్రమాదం. అలవాటు లేని అన్నం ఒకేసారి ఎక్కువ తింటే పొట్టలో ఆమ్లం పెరిగి మేత మానేస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. పిడికెడు పెట్టి, కడుపు నిండా పచ్చగడ్డి వేయండి. మేత ముట్టకపోయినా, పొట్ట ఉబ్బినా వెంటనే పశువుల డాక్టర్‌ని పిలవండి. మన ఘన జీవామృతం, ద్రవ జీవామృతం అన్నీ ఆ పశువు మీదే ఆధారపడి ఉన్నాయి.

తిన్న అరిటాకులు, విస్తళ్లు కంపోస్టు గుంతలోకి లేదా చెట్ల పాదుల్లో ఆచ్ఛాదనగా వేయండి. ప్లాస్టిక్ పొర ఉన్న పేపర్ ప్లేట్లు మట్టిలో కలవవు, వాటిని కొనకపోవడమే మంచిది.

ఈసారి సంక్రాంతి విస్తరిలో ఎన్ని రకాలు మన చేనువో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. లేనివి కింద రాయండి. జూన్‌లో విత్తనాలు తీసేటప్పుడు ఆ కాగితమే మీ పంట ప్రణాళిక. మీ లెక్క ఎంతొచ్చిందో, మీ ప్రాంతంలో పండగకి ఏ వంట తప్పనిసరో కింద కామెంట్‌లో రాయండి. అందరికీ ఉపయోగపడుతుంది.