వార్తల్లో పదం: ఐపీటీసీ మెటాడేటా

ఏఐ సంస్థలు, ఫొటోగ్రాఫర్ల కాపీరైట్ వివాదాల వార్తల్లో కనిపిస్తున్న మాట ఇది. ఫొటో ఎవరిది, హక్కులెవరివి అన్న వివరాలను బొమ్మ మీద కాకుండా ఫైల్ లోపలే రాసిపెట్టే పద్ధతి.

ఫొటోషాప్‌లో ఫైల్ మెనూలోని ‘ఫైల్ ఇన్ఫో’ తెరిచి, కాపీరైట్ నోటీసు గడిలో ‘©’ గుర్తు, సంవత్సరం, పేరు రాసి సేవ్ చేయాలి. లైట్‌రూమ్‌లో ప్రీసెట్ పెట్టుకుంటే ఫొటోలు దింపుకొనేటప్పుడే అన్నింటికీ పడుతుంది.

నోటీసు లేకున్నా మన కాపీరైట్ చట్టంలో ఫొటో తీసినవారికి హక్కు ఉంటుంది. అయితే డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలపై, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారిదే. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఇది తప్పక గమనించాలి. ఇలాంటి హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా కావాలని తొలగిస్తే 2012 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, జరిమానా.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి.