నల్లమలలో నడకదారి... ఉగాదికి కఠిన పరీక్షే

ఆత్మకూరు: ఘాట్‌రోడ్డు లేని రోజుల్లో శ్రీశైలం చేరేందుకు భక్తులకు నల్లమల కాలిబాటే దిక్కు. నంద్యాల జిల్లా వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశించే ఈ దారి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగుతుంది. భీముని కొలను వద్ద లోయలోకి దిగి, మళ్లీ నిటారు మెట్లెక్కాలి. అసలు కష్టమంతా అక్కడే. శ్రీశైలానికి సోపానాలు కట్టించిన ఖ్యాతి 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి దక్కింది.

భ్రమరాంబను ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడిగులు ఉగాదికి రోజుల తరబడి నడిచి వస్తారు. కొందరు కొయ్యకాళ్లు కట్టుకొని మరీ నడుస్తారు. ఇది ఆకురాల్చే అడవి. ఉగాది నాటికి చెట్లు మోడువారి నీడ కరవవుతుంది, వాగులు అడుగంటుతాయి. నేలంతా ఎండుటాకులే. పులుల అభయారణ్యంలో ఆర్పకుండా పారేసిన బీడీముక్క ఒక్కటి చాలు, కార్చిచ్చు రేగడానికి.