ప్రమిద నుంచి టేబుల్ ల్యాంపు దాకా

దీపావళికి కొనే ప్రమిద చిల్లర డబ్బులకే వస్తుంది. నగరాల్లో షోరూమ్ అద్దాల వెనక కనిపించే సిరామిక్ టేబుల్ ల్యాంపు ధర వేలల్లో ఉంటుంది. రెండింటికీ మూలం మట్టే. మరి ఇంత తేడా ఎందుకు? కుమ్మరి ఇళ్ల నుంచి హాస్టలుకు వచ్చిన మాలాంటి వాళ్లకు ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు.

అసలు సంగతి వేడిలో ఉంది. మన ఊరి ఆవంలో కట్టెలు, పిడకలు పేర్చి కాలిస్తే సుమారు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వేడి పుడుతుంది. మట్టి గట్టిపడుతుంది గాని సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. కుండలో నీళ్లు చల్లబడేది వాటివల్లే. నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. స్టోన్‌వేర్ అనే రకాన్ని 1200 డిగ్రీలు దాకా, కొన్నిసార్లు ఆపైనా కాలుస్తారు. అప్పుడు మట్టిలోని కొన్ని ఖనిజాలు కరిగి ఆ సందులను పూడుస్తాయి. ఇనుము ఎక్కువున్న మన ఎర్రమట్టి సాధారణంగా అంత వేడికి ఆగదు, వంకర పోతుంది.

పైన కనిపించే మెరుపు గ్లేజుది. సిలికా, అల్యూమినా, వాటిని త్వరగా కరిగించే పదార్థాలు నీళ్లలో కలిపి పూస్తే, కొలిమిలో గాజు పొరగా మారుతుంది. నీలం రంగు కోబాల్ట్ ఆక్సైడ్‌ది. జైపూర్ నీలి పాత్రల అందం దీనిదే. విచిత్రమేమంటే వాటిలో ప్రధానంగా ఉండేది బంకమట్టి కాదు, క్వార్ట్జ్ పొడి. అందుకే ఎక్కువగా అచ్చుల్లో చేస్తారు. కనుమరుగవుతున్న ఆ కళను నిలబెట్టిన చిత్రకారుడు కృపాల్ సింగ్ షెకావత్‌కు 1974లో పద్మశ్రీ వచ్చింది.

ఇక ల్యాంపు తయారీ. సారె మీద బుడ్డి తీసి, అది సగం ఆరి తోలులా ఉన్నప్పుడే వైరుకు అడుగున, హోల్డరుకు పైన రంధ్రాలు చేయాలి. కాల్చాక తొలిస్తే పగిలే ప్రమాదముంది. ఆరి, కాలేసరికి మట్టి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది కనుక రంధ్రం కాస్త పెద్దదే పెట్టాలి.

ఒక్కటి గమనించండి. ల్యాంపులో నీళ్లు పోయం. అంటే గ్లేజు లేకపోయినా, రంధ్రాలున్నా నష్టం లేదు. మన ఆవంలో కాలిన ఎర్రమట్టి బుడ్డి చాలు. పక్కలకు చిల్లులు పొడిచి లోపల ఎల్‌ఈడీ బల్బు పెడితే గోడమీద వెలుగు ముగ్గులా పడుతుంది. పాత బల్బులంత వేడి కూడా ఉండదు. కావలసింది వైరింగు తెలిసిన చేయి, పగలకుండా పట్నం చేర్చే దారి. వైరింగు మాలో ఐటీఐ చదివిన వాళ్లు చేయగలరు.

మట్టి దగ్గరే ఇబ్బంది. చెరువు ఒండ్రు ట్రాక్టర్లకెక్కి పోతోంది. మా ఇళ్లల్లో ఇప్పుడు మట్టి కొనుక్కుంటున్నారు.