ఇసుక వేడిలో తాబేలు సంతానం

సముద్రపు తాబేలు గుడ్లు పెట్టి, గుంతను ఇసుకతో పూడ్చి, కడలిలోకి వెళ్లిపోయిన తరువాత ఆ గుడ్లను పొదిగే పని పూర్తిగా ఇసుకదే. మనుషుల్లోనూ పక్షుల్లోనూ పుట్టబోయేది ఆడో మగో ఫలదీకరణ సమయంలోనే క్రోమోజోముల ద్వారా తేలిపోతుండగా, సముద్రపు తాబేళ్లు, మొసళ్లు అన్నింటిలోనూ, కొన్ని బల్లి జాతుల్లోనూ ఆ నిర్ణయం గుడ్డు పొదిగే రోజుల దాకా ఆగి, అప్పటి ఉష్ణోగ్రతను బట్టి జరుగుతుంది. ఈ సంగతిని 1966లో మడలీన్ షార్నియే అనే పరిశోధకురాలు సెనెగల్‌లోని డకార్‌లో అగామా జాతి తొండల గుడ్లను పరిశీలిస్తూ తొలిసారి వెల్లడించారు.

పొదిగే కాలంలో నడిమి భాగమే ఇందులో కీలకం. అప్పుడు పిండంలోని బీజకోశం వృషణంగానైనా అండాశయంగానైనా మారగల స్థితిలో ఉంటుంది. తాబేళ్లలో వేడి హెచ్చినప్పుడు, పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌గా మార్చే ఆరోమాటేజ్ అనే ఎంజైమ్ చురుకై, అండాశయం వైపు ఎదుగుదలను మళ్లిస్తుంది. సముద్రపు తాబేళ్లలో ఇసుక వేడి సుమారు 29 డిగ్రీల సెల్సియస్ ఉంటే ఆడ, మగ పిల్లలు దాదాపు సమానంగా పుడతాయి; అంతకు ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే గూడంతా ఆడపిల్లలే అయ్యే అవకాశం ఉంది. అన్ని సరీసృపాలదీ ఇదే దారి కాదు. న్యూజిలాండ్‌లోని టువటారా అనే సరీసృపంలో వేడి పెరిగితే మగవే ఎక్కువవుతాయి, మొసళ్లలో మధ్యస్థ ఉష్ణోగ్రత దగ్గర మగవి, అంతకు తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆడవి పుడతాయి.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాల్లో పుట్టిన పచ్చ తాబేళ్ల గురించి 2018లో వెలువడిన అధ్యయనం ఇసుక వేడెక్కితే ఆడవే మిగిలే ప్రమాదాన్ని అంకెల్లో చూపింది. అక్కడి పెద్ద తాబేళ్లలో ఆడవి సుమారు 87 శాతం కాగా, లేత వయసువాటిలో అవి 99 శాతం దాటాయి. పచ్చ తాబేలు ఈడుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది కనుక, పెద్దవాటి లెక్క పాత కాలపు ఇసుకను, చిన్నవాటి లెక్క ఇటీవలి ఇసుకను తెలియజేస్తున్నాయని గ్రహించాలి.

ఆడవి ఎక్కువ కావడం వెంటనే వినాశనం కాదు. ఒక మగ తాబేలు అనేక ఆడవాటితో జతకట్టగలదు కనుక కొంతకాలం గూళ్ల సంఖ్య పెరగవచ్చు కూడా. అయితే ఈ పెరుగుదలను చూసి ధీమా పడడం తగదు. అదే వేడి ఇంకొంత పెరిగి 35 డిగ్రీలకు చేరి అక్కడే నిలిస్తే పిండాలు గుడ్డులోనే చనిపోతాయి, బతికి బయటపడ్డ పిల్లలు కూడా చాలాసార్లు బలహీనంగా ఉంటాయి. తాబేళ్లు గతంలో ఎన్నో వాతావరణ మార్పులను తట్టుకున్న మాట నిజమే కానీ, ఒక తరానికి దశాబ్దాలు పట్టే ప్రాణికి ఇప్పటి వేగంతో సమానంగా మారడం కష్టం.

ఈ విషయం తెలుగు తీరానికి దూరమైనది కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అనేక తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతాకాలం చివర మొదలుకొని గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో ఉండే వందకు పైగా గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి, ఆలస్యంగా పెట్టిన గూళ్లు ఎండాకాలపు వేడికి చిక్కుతాయి. కుక్కలు, నక్కలు, అలల కోత నుంచి కాపాడడానికి అటవీ శాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లను హేచరీలకు, అంటే కంచె వేసిన పొదుగు స్థలాలకు తరలిస్తుంటారు. ఇది ఎంతో విలువైన సేవ. కానీ గుడ్డును తరలించిన క్షణం నుంచి దాని వేడిని, తద్వారా పుట్టే పిల్ల ఆడో మగో అన్నదాన్ని ప్రభావితం చేసే బాధ్యత మనిషి మీద పడుతుంది. ఎండలో మండే ఇసుకలో అన్ని గూళ్లూ పెడితే ఆడపిల్లలే మిగులుతాయి. అతిగా చల్లబరిచినా సమతూకం మరో వైపు చెడుతుంది. అందువల్ల ప్రతి హేచరీలో గూటి లోతున థర్మామీటరు ఉంచి రోజూ లెక్క రాయడం, కొన్ని గూళ్లకు మాత్రం పైన నీడ ఏర్పాటు చేయడం, సురక్షితమైన చోట గుడ్లను కదపకుండా సహజ స్థలంలోనే వదలడం, తీరం మీది చెట్లను నరకకుండా చూడడం నియమంగా పాటించాలి. సముద్రంలోకి వదిలిన పిల్లల సంఖ్యతో పాటు అవి పెరిగిన ఇసుక ఉష్ణోగ్రతను కూడా అధికారులు ఏటా ప్రజలకు ప్రకటించాలి.