ఒకటికి ఒకటి: మాక్రో ఛాయాచిత్రణకు తొలి పాఠం

దగ్గర నుంచి తీసిన ప్రతి బొమ్మనూ మాక్రో అనడం అలవాటైపోయినా, ఛాయాచిత్రణ శాస్త్రంలో ఆ మాటకు కచ్చితమైన కొలత ఉంది. కెమెరాలోని సెన్సర్ మీద ఏర్పడే ప్రతిబింబం, వస్తువు అసలు పరిమాణంలో ఎన్నో వంతు ఉన్నదో తెలిపే నిష్పత్తిని ఆవర్ధనం అంటారు. ఈ నిష్పత్తి 1:1కు చేరినప్పుడు, అంటే సెంటీమీటరు పొడవున్న పురుగు సెన్సర్ మీద కూడా సెంటీమీటరు మేర పరుచుకున్నప్పుడు, దానిని అసలైన మాక్రో అంటారు. కొత్తవారిని వేధించే మసక, చీకటి, వణుకు అన్నీ ఈ నిష్పత్తి వెంటే వస్తాయి గనుక, దీనిని అర్థం చేసుకోవడమే ఈ విద్యలో మొదటి మెట్టు.

కొలిచి తెలుసుకోవాలి

చాలా జూమ్ లెన్సుల మీద మాక్రో అని రాసి ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం 1:4 లేదా 1:3 దగ్గరే ఆగిపోతాయి. చేతిలోని లెన్సు ఎంతవరకు వెళ్లగలదో తెలుసుకోవడానికి, అది ఫోకస్ చేయగలిగినంత దగ్గరగా మిల్లీమీటర్ల స్కేలును ఉంచి ఒక ఫొటో తీస్తే చాలు. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌తో తీసిన ఆ ఫొటోలో స్కేలు మీది 36 గీతలు పడితే 1:1 అనీ, 72 గీతలు పడితే అందులో సగమనీ గ్రహించాలి. ఏపీఎస్-సి రకం కెమెరాలలో సెన్సర్ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లే కాబట్టి, అదే 1:1 వద్ద వస్తువు చట్రాన్ని మరింతగా నింపుతుంది. అయితే దానివల్ల ఆవర్ధనం పెరిగినట్లు కాదు.

1:1కు చేరే దారులు

35 మిల్లీమీటర్ల కెమెరాల కోసం హైంజ్ కిల్‌ఫిట్ 1955లో మాక్రో-కిలార్ లెన్సును వెలువరించిన నాటి నుంచి, దగ్గరి దూరాలకు అనువుగా రూపొందించిన లెన్సులు అందుబాటులోకి వచ్చాయి. నేటి మాక్రో లెన్సులలో 100 మిల్లీమీటర్ల తరగతి కొత్తవారికి అనువైనది. ఎందుకంటే 1:1 వద్ద లెన్సు అంచుకూ పురుగుకూ మధ్య దాదాపు 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎడం మిగులుతుంది. పని దూరం అనే ఈ ఎడం 50, 60 మిల్లీమీటర్ల లెన్సులతో 10 సెంటీమీటర్ల లోపుకు పడిపోతుంది కనుక, పురుగు బెదరడమే కాక, లెన్సు నీడ కూడా దాని మీద పడుతుంది.

అంత ఖర్చు పెట్టలేనివారికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఉన్నాయి. ఇవి కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే, గాజు లేని ఖాళీ గొట్టాలు. లెన్సును సెన్సర్ నుంచి ఎంత దూరం జరిపితే ఆవర్ధనం అంత పెరుగుతుంది. జరిపిన దూరాన్ని లెన్సు నాభ్యంతరంతో, అంటే లెన్సును పేర్కొనే మిల్లీమీటర్ల సంఖ్యతో, భాగిస్తే అదనంగా వచ్చే ఆవర్ధనం తెలుస్తుంది కాబట్టి, 50 మిల్లీమీటర్ల లెన్సుకు 12, 36 మిల్లీమీటర్ల గొట్టాలు రెండూ కలిపితే దాదాపు 1:1 సిద్ధిస్తుంది. పని దూరం తగ్గిపోవడం ఒక లోపమే అయినా, నేర్చుకునే దశలో ఇంతకంటే చవకైన నమ్మకమైన సాధనం అరుదు.

మిల్లీమీటరంత స్పష్టత

బొమ్మలో ముందు నుంచి వెనక్కు స్పష్టంగా కనిపించే మందాన్ని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 1:1 వద్ద అపర్చర్‌ను, అంటే లెన్సులో కాంతి దూరే రంధ్రాన్ని, ఎఫ్/11కు తగ్గించినా ఆ మందం 1.3 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. రంధ్రాన్ని ఇంకా కుదిస్తే మందం పెరుగుతుంది గానీ, కాంతి సన్నని రంధ్రపు అంచుల వద్ద చెదిరిపోయే వివర్తనం వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. అందుకే ఎఫ్/8, ఎఫ్/11ల మధ్య పని చేయడం మేలు.

ఈ పరిమితిలో మూడు పద్ధతులు అక్కరకు వస్తాయి. ఆటోఫోకస్‌ను ఆపివేసి, లెన్సును 1:1 వద్ద నిలిపి, కెమెరాను వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ పురుగు కన్ను స్పష్టమైన క్షణంలో మీట నొక్కడం మొదటిది. సీతాకోకచిలుక రెక్కకో తూనీగ దేహానికో సెన్సర్ తలం సమాంతరంగా ఉండేటట్లు నిలబడి, ఉన్న కొద్ది మందంలోనే జీవి మొత్తాన్నీ ఇమిడ్చడం రెండవది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన అనేక చిత్రాలలోని స్పష్టమైన భాగాలను సాఫ్ట్‌వేర్ సాయంతో ఒకటిగా కలిపే ఫోకస్ స్టాకింగ్ మూడవది. ఇది కదలని వాటికే పూర్తిగా సరిపోతుంది.

వెలుగే ప్రాణం

సాధారణ లెన్సు 1:1కు చేరేసరికి సెన్సర్‌కు అందే కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. అపర్చర్‌ను కుదించడం వల్ల అది మరింత తగ్గుతుంది. పైగా చేతి వణుకు కూడా ప్రతిబింబంతో పాటే పెద్దదవుతుంది. ఈ మూడింటికీ ఫ్లాష్ ఒక్కటే సమాధానం చెబుతుంది. తక్కువ శక్తితో వెలిగించిన ఫ్లాష్ సెకనులో కొన్ని వేల వంతులలో ఒక వంతు కాలమే మెరుస్తుంది కాబట్టి, కదలికను అక్కడికక్కడే నిలబెడుతుంది. అయితే నేరుగా పడిన ఫ్లాష్ పురుగు నిగనిగలాడే పెంకు మీద తెల్లని మచ్చలను మిగులుస్తుంది కనుక, మధ్యలో ట్రేసింగ్ కాగితంతో చేసిన డిఫ్యూజర్‌ను పురుగుకు వీలైనంత దగ్గరగా అమర్చాలి. సెకనులో 200వ వంతు షట్టర్, ఎఫ్/11, ఐఎస్‌ఓ 200తో మొదలుపెట్టి, ఫ్లాష్ శక్తిని మాత్రమే మారుస్తూ వెళితే వెలుగు త్వరగా అదుపులోకి వస్తుంది.

కదలని వాటితో మొదలు

1928లో వెలువడిన గ్రంథంతో ప్రసిద్ధుడైన జర్మన్ ఉపాధ్యాయుడు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ మొగ్గలను, తీగలను, కాడలను ఎన్నో రెట్లు పెంచి చూపి, మొక్కలలోనే అంతులేని శిల్పం ఉన్నదని నిరూపించాడు. కొత్తవారికి కూడా అదే సరైన వరుస: ముందు నాణెం, విత్తనం, ఆకు ఈనెలు, తరువాత గాలి లేని వేళ పువ్వులు, ఆ తరువాతే కీటకాలు. వాటికి దేహపు వేడి చాలావరకు పరిసరాల నుంచే అందుతుంది కాబట్టి, చల్లని వేకువలో అవి మందకొడిగా ఉండి, ఛాయాచిత్రకారునికి వ్యవధి ఇస్తాయి.

తొలకరి జల్లుల తరువాత తెలుగు నేల మీద మఖమలు ముక్కలా కనిపించే ఆరుద్ర పురుగు ఈ సాధనకు చక్కని వస్తువు. సెంటీమీటరు వరకు పెరిగే ఈ జీవి ఎనిమిది కాళ్లతో సాలెపురుగుల వర్గానికి చెందినది. కెమెరాను నేలకు ఆనించి పక్క నుంచి తీస్తే, దాని ఒంటి మీది ఎర్రని నూగు పోగుపోగుగా తెలుస్తుంది.

బొమ్మ కోసం పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, జిగురుతో అంటించడం, గూళ్లు చెదరగొట్టడం కొందరిలో కనిపించే దురలవాటు. జీవి బెదిరి తొలగిపోతే మరో రోజు ప్రయత్నించాలే తప్ప, దానిని హింసించి తెచ్చిన చిత్రానికి విలువ లేదు. ఈ విద్య నేర్చుకోదలచినవారు కొత్త లెన్సు కొనడానికి ముందు, ఉన్న లెన్సుకు గొట్టాలు బిగించి, పెరటి మొక్క దగ్గర ఒక వర్షాకాలమంతా ఓర్పుగా సాధన చేయాలి; పరికరం మార్చవలసిన అవసరం నిజంగా ఉన్నదో లేదో ఆ సాధనే తేల్చి చెబుతుంది.