క్యాల్షియం మాత్రకూ ఒక వేళ ఉంది



కొడల కావచ్చు, బరంపురం కావచ్చు, ఇచ్ఛాపురం కావచ్చు. గర్భిణి ఉన్న ఇంట్లో సాధారణంగా రెండు రకాల మాత్రలుంటాయి. ఒకటి ఐరన్, రెండోది క్యాల్షియం. మరచిపోతామేమోనని రెండింటినీ ఒకేసారి మింగేసే తల్లులున్నారు. అలా మింగితే క్యాల్షియం ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. రక్తహీనత తగ్గక, "ఈ మాత్రలు పనిచేయవు" అని మానేస్తారు. తప్పు మాత్రది కాదు, వేళది.

గర్భిణికి 14 వారాల నుంచి 500 మిల్లీగ్రాముల క్యాల్షియం రోజుకు రెండుసార్లు ఇవ్వాలని 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్పాయి. ఉదయం, రాత్రి తిన్నాక క్యాల్షియం వేసుకోండి. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు ఐరన్ వేసుకోండి. రెండు క్యాల్షియం మాత్రలు ఒకేసారి వద్దు. 500 మిల్లీగ్రాములు మించితే ఒంటికి పట్టే పాలు తగ్గుతుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు క్యాల్షియానికి నాలుగు గంటలు ఆగాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులను క్యాల్షియం కడుపులోనే పట్టేస్తుంది. వాటిని పాలతో మింగకండి. రక్తపోటుకు థయజైడు రకం మాత్ర వాడేవారిలో రక్తంలో క్యాల్షియం పెరగవచ్చు. కాబట్టి ముందుగా డాక్టరుకు చెప్పండి.

ఇక తిండి సంగతి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. చోళ్లలోనే ఉండే ఫైటేటు దాన్ని కొంత అడ్డుకుంటుంది. మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది. పాలకూరలోనూ క్యాల్షియం ఉంది కానీ, ఆక్సలేటు వల్ల మనకు దక్కేది కొద్దే.

మన పొరుగునే ఉన్న ఉద్దానంలో, కవిటి, సోంపేట ప్రాంతాల్లో, మూత్రపిండాల జబ్బు ఎందరినో పీడిస్తోంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో క్యాల్షియం ఎక్కువైతే రక్తనాళాల్లో పేరుకోవచ్చు. అయితే తిండిలోని భాస్వరాన్ని పట్టి ఉంచడానికి కొందరికి డాక్టర్లే భోజనంతోపాటు క్యాల్షియం ఇస్తారు. అందుచేత పక్కింటివారి మాట విని మొదలుపెట్టకండి, మానేయకండి. రాళ్ల జబ్బు ఉన్నవారు కూడా మాత్రకు ముందు డాక్టరును అడగండి. పాలు, పెరుగు మాత్రం భయపడి మానేయకండి.

చివరగా ఒక్క మాట. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్లండి. పేర్లు పలకడం రాకపోయినా, భాష కుదరకపోయినా, ఆ అట్టలు చూస్తే డాక్టరుకు సంగతి తెలుస్తుంది.